కల్లం కుక్కకు తెల్లగుడ్డ

పశువైద్యంలో పట్టా పుచ్చుకుని కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి ఈమధ్య మా ఇంటికి వచ్చి, "మీ సర్వీసులో మిమ్మల్ని అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది ఏదండీ?" అని అడిగింది. ఒంగోలు గిత్త గురించో, బావిలో పడ్డ గేదె గురించో చెబుతాననుకుంది కాబోలు, కుర్చీ ముందుకు జరుపుకుంది. నేను ఒక కల్లం కుక్క గురించి చెప్పాను. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ కుక్క ఒంట్లోని ఒకే ఒక్క కణం గురించి చెప్పాను. ఆ అమ్మాయి మర్యాదగా విన్నది. మర్యాదకే విన్నదో, నిజంగా విన్నదో నాకు తేలలేదు. అందుకని నాలాంటి ఉద్యోగాల్లోకి కొత్తగా వస్తున్న మీ అందరికోసం సరిగ్గా రాసిపెడుతున్నాను.

నేను పదవీ విరమణ చేయడానికి ముందు వచ్చిన చివరి మిర్చి కాలం అది. తేదీ నా దగ్గర ఉంది. తేదీలు రాసుకునే జబ్బు నాకు మొదటినుంచీ ఉంది. కానీ ఈ సంగతికి తేదీతో పనిలేదు, కోతలు తెలిస్తే చాలు. మిరప మొదటి కోత అయిపోయి రెండో కోత కాయలు కల్లానికి వస్తున్నాయి. పత్తిలో ఆఖరి తీత ముగుస్తోంది. ఈ రెండూ గుర్తుంచుకోండి, ముందు ముందు కావాలి.

మాది వినుకొండ వెళ్ళే దారిలో ఒక చిన్న పశువుల ఆసుపత్రి. ఎక్కువగా గేదెలు, మేకలు వచ్చేవి. కుక్కనో పిల్లినో తీసుకువస్తే అది చర్మం గురించే అయ్యేది. బొచ్చు రాలాలి, వాసన కొట్టాలి, లేదా ఇంట్లో పిల్ల చేతికి తామర అంటుకోవాలి. అంతవరకూ దాన్ని ఎవరూ పట్టించుకోరు. నా ఉద్యోగం మొదట్లో వాడరేవు దగ్గర పనిచేశాను. చేపలు ఎండబెట్టే ఇసుకలో పొర్లే పిల్లుల తామర చూసీ చూసీ అక్కడే ఒక నియమం పెట్టుకున్నాను. ముందు చర్మం గీకాలి, తర్వాత మైక్రోస్కోపు కింద చూడాలి, ఆ తర్వాతే మందు రాయాలి. చూడకుండా పేరు పెట్టకూడదు.

మెట్ట పొలాల్లోకి వచ్చాక ఆ నియమానికి పెద్ద అడ్డం మిరపకాయే. ఇక్కడ మనిషికి దద్దుర్లు లేచినా, కుక్క గోక్కున్నా, పిల్లి తుమ్మినా జవాబు ఒకటే: "కాయల ఘాటండీ." చిక్కేమిటంటే, సగంసార్లు అది నిజం. పూర్తిగా అబద్ధమైతే ఎప్పుడో తోసిపారేసేవాళ్ళం.

ఆ రోజు ఉదయం ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందులోంచి ఒక రైతూ, ఆయన కల్లానికి కాపలా ఉండే పెద్దాయనా దిగారు. రైతు నడివయసువాడు, మాటకారి. కాపలా పెద్దాయన ముస్లిం, నాకంటే పెద్దవాడు, బాగా చెముడు. ఆయన చేతుల్లో గోనెపట్టా, పట్టాలో ఎర్రమట్టి రంగు కుక్క. తల వేలాడేసి ఉంది. ముక్కు కొసనుంచి నెత్తురు చుక్క సాగి, తెగి, పట్టా మీద పడింది.

"నిన్నటి నించేనండీ డాక్టరమ్మగారూ," అన్నాడు రైతు. "కాయల ఘాటు. రెండ్రోజులుగా మెతగ్గా ఉందని సాయిబు బాబాయి దాన్ని కల్లంలోంచి తీసుకొచ్చి మా వసారాలో పత్తి మీద పడుకోబెట్టాడు. తెల్లారేసరికి పత్తంతా కుంకం చల్లినట్టుంది. మా ఇంటిది ఒకటే కేకలు."

మా కాంపౌండరు గేదెల మనిషి. కుక్క దగ్గరికి రావాలంటే ముందు ఒక హాస్యం ఆడి ధైర్యం తెచ్చుకునేవాడు. "అదేంది బావా! కాయల మీద పడుకున్నన్నాళ్ళూ పట్టని ఘాటు పత్తి మీదకి రాంగానే పట్టిందా?" అన్నాడు.

రైతు నవ్వాడు. నేనూ నవ్వాను. నా నవ్వు మధ్యలో ఆగిపోయింది గానీ, ఎందుకు ఆగిందో అప్పుడు నాకే తెలియలేదు.

"ఇంతకీ ఏం చెయ్యమంటావు?" అన్నాను రైతుతో.

ఆయన గొంతు తగ్గించాడు. "సూదేసి చంపెయ్యండమ్మా. కాయ ఏరే ఆడోళ్ళు కల్లంలో అడుగు పెట్టం అంటన్నారు. నోటెంట నెత్తురొచ్చే కుక్క పిచ్చికుక్కేనంట. పైన చూస్తే మబ్బు. రేపు కాయ ఎత్తకపోతే నా పని అయిపోయినట్టే."

చెవిటి పెద్దాయనకు మాటలు అందలేదు, ముఖాలు అందాయి. కుక్కను బల్ల మీద పడుకోబెట్టి నా చెవి దగ్గరికి వంగాడు. రహస్యం చెబుతున్నాననే ఆయన అనుకున్నాడు. కానీ ఆసుపత్రి ఆవరణంతా మారుమోగేలా చెప్పాడు. "అమ్మా, నాకు చెవులు ఆనవు. ఈ సంగతి ఆళ్ళకి సరిగా తెలీదు. కల్లంలో ఎవడన్నా అడుగుపెడితే ఇది లేచి నా కాలు గుంజుద్ది, అప్పుడు నేను లెగుస్తా. ఇది లేకపోతే నాకు కాపలా పని ఎవరిస్తారమ్మా?"

రైతు తల తిప్పుకుని బయట ఉన్న గేదెలను చూడసాగాడు. నిజానికి ఆ సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఆయన చెప్పే రహస్యాలన్నీ అలాగే ఉంటాయి.

"సాయంత్రం దాకా ఆగు," అన్నాను రైతుతో. "ఏమిటో తేల్చి చెబుతాను. తేలకపోతే నీ మాట గురించి ఆలోచిస్తాను."

చేతి తొడుగులు వేసుకుని చూశాను. ఊళ్ళో టీకాల రోజున దీనికి పిచ్చికుక్క టీకా వేసింది నేనే. నీళ్ళు పెడితే మింగింది. "ఏరా, నీకు పిచ్చంటరా?" అని పెద్దాయన అడిగితే తోక ఒకసారి ఆడించింది. పిచ్చి కాదని నాకు దాదాపు నమ్మకం కుదిరింది. పొట్ట మీద బొచ్చు పలచగా ఉన్నచోట ఆవగింజంత ఎర్రచుక్కలు ఉన్నాయి.

"గజ్జి మొదలు మేడమ్," అన్నాడు కాంపౌండరు.

గాజుపలక ఒకటి తీసి ఆ చుక్కల మీద అదిమాను. ఒరిపిడికో, ఘాటుకో వచ్చిన ఎరుపైతే అద్దం కింద పాలిపోతుంది, ఎందుకంటే నెత్తురు ఇంకా నాళాల్లోనే ఉంటుంది, నొక్కితే పక్కకు పోతుంది. ఈ చుక్కలు పాలిపోలేదు. నెత్తురు నాళం దాటి బయటికి వచ్చి చర్మంలో నిలిచిపోయింది. చర్మరోగంలా కనిపించేది చర్మరోగం కాదన్నమాట. ఈ కుక్క లోపలా బయటా కారిపోతోంది.

చెవి మడతలో ఒకే ఒక్క పిడుదు దొరికింది.

"ఒక్కటే ఉందే?" అన్నాను.

"మిగతావన్నీ చచ్చినయ్యండీ," అన్నాడు రైతు గర్వంగా. "మొదటి కోతకి ముందు పత్తికి కొట్టగా మిగిలిన మందు పంపుతో దానిమీద కూడా కొట్టించా. ఒక్క దెబ్బకి రాలిపోయినయ్."

"కుక్క రాలిపోనందుకు సంతోషించు," అన్నాను. ఈ పని చేసిన రైతుల్ని నేను చాలామందిని చూశాను. పురుగు ఎక్కడున్నా పురుగేనని వాళ్ళ లెక్క. "మీ వసారాలో ఎలకల మందు పెట్టారా?"

"పత్తి ఉన్నచోట పెట్టకుండా ఎట్టాగమ్మా?"

ఇక్కడే నాకు రెండు దారులు ఎదురయ్యాయి. నెత్తురు నిన్ననే మొదలైతే ఎలకల మందు తిన్నదేమోనని మొదట అనుమానించాలి. దాని వైద్యం వేరు, ఆలస్యం చేయకూడదు. ఎన్నాళ్ళనుంచో కారుతోందంటే అది వేరే జబ్బు, వైద్యమూ వేరే. రైతు నిన్ననే అంటున్నాడు, అబద్ధం చెప్పే మనిషి కాదు. కానీ కాంపౌండరు హాస్యం నా చెవిలో ఇంకా తిరుగుతూనే ఉంది. పత్తి మీదకి రాగానే మొదలైందా? లేక పత్తి మీదకి రాగానే కనపడిందా?

నెత్తురు తీసి, సూది గుచ్చినచోట కాంపౌండరును గట్టిగా నొక్కి పట్టుకోమని చెప్పి, నేను వాళ్ళ ఆటోలోనే కల్లానికి బయలుదేరాను.

మిరప కల్లం చూడనివాళ్ళు మీలో ఎవరూ ఉండరు. కనుచూపు మేరా ఎరుపు. ఆ ఎండలో ఆ రంగు కళ్ళలోకి దూరి, పక్కకు చూస్తే ఆకాశం కూడా కాసేపు పచ్చగా అనిపిస్తుంది. అక్కడ పనిచేసేవాళ్ళ ముక్కు, మూతి, కనుబొమలు అన్నిటిమీదా ఎర్రదుమ్మే. కుక్క మూతి మీద ఎరుపు ఉంటే ఎవరు చూస్తారు? చూసినా ఏమనుకుంటారు?

"ఎక్కడ పడుకుంటుంది?" అని పెద్దాయన్ను సైగతో అడిగాను. పాక పక్కన కుప్ప అంచు చూపించాడు. కాయల్లో కుక్క ఒంటికి సరిపడా గుంట ఉంది. వంగి చూశాను. కాయలు తప్ప ఏమీ కనపడలేదు. అక్కడక్కడ రెండుమూడు కాయలు కలిసి అంటుకుని ఉన్నాయి, అంతే.

నా సంచిలో పుండ్లు కడిగే నురగమందు సీసా ఉంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ అంటే మీకు తెలుస్తుంది. నెత్తురు తగిలితే అది తెల్లగా పొంగుతుంది. ముందు కుప్ప అవతలివైపు, కుక్క వెళ్ళనిచోట, కాయల మీద పోశాను. కాయలు తడిశాయి, ఇంకేమీ జరగలేదు. తర్వాత గుంటలో పోశాను.

ఆ ఎర్రటి కుప్పలోంచి తెల్లగా నురగ లేచింది.

అంటుకున్న ప్రతి కాయ మీదా లేచింది. సన్నగా చిటపటలాడుతూ, పొంగుతూ, పక్కకాయ మీదకు పాకుతూ లేచింది. రైతు నోరు తెరిచి చూస్తున్నాడు. నేను పై కాయలు పక్కకు తోసి అడుగు కాయలు తేల్చాను. రంగు కొంచెం ముదిరి, బాగా ఎండి ఉన్నాయి.

"ఇవి ఏ కోత?"

"మొదటి కోతయ్యండీ. పైన పోసినవి రెండోది."

అడుగు కాయల మీద కూడా పోశాను. అక్కడా తెల్లగా పొంగింది. రెండో కోత కాయలు పైన పడకముందే, ఎర్రకాయల మీద, ఎర్రదుమ్ములో, అందరి కళ్ళెదుటా ఆ కుక్క నెత్తురు కార్చుకుంటూ కాపలా కాసింది. పత్తి మీద పడుకోబెట్టకపోతే ఇంకా ఎన్నాళ్ళు అలాగే కాసేదో. ఎన్నో వందల జంతువుల్ని చూశాను గానీ, ఆ కుప్ప ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆ నురగ అణిగిపోయేదాకా లేవలేకపోయాను.

పెద్దాయన అంతా గ్రహించాడు. ఎవరూ ఆయనకు చెప్పలేదు. తలగుడ్డ తీసి ముఖం తుడుచుకుని, "నా పక్కనే పడుకుందమ్మా," అని మాత్రం అన్నాడు.

రైతు ముందుకొచ్చి, "అమ్మా, ఈ అంచు కాయలు పారబోస్తానండీ, ఒట్టు," అన్నాడు. నేనేమీ అడగకుండానే.

ఎలకల మందు కాదని నిశ్చయమైంది. అయితే ఇంతకాలం నెత్తురు గడ్డకట్టకుండా చేస్తున్నది ఏమిటి? నా అనుమానమంతా ఆ ఒక్క పిడుదు మీద ఉంది. పిడుదు కుట్టినప్పుడు ఎక్కే సూక్ష్మజీవి ఒకటి ఉంది, నెత్తురులోని తెల్లకణాల్లో కాపురం పెడుతుంది. ఇప్పుడు దాన్ని పట్టే చిన్న కిట్లు మీ బల్ల సొరుగులో ఉంటాయి. మాకు లేవు. ఉన్నదల్లా నేను వెంట తిప్పుకుంటున్న మైక్రోస్కోపు ఒకటి. దానికి కరెంటు దీపం లేదు. కింద చిన్న అద్దం ఉంటుంది, ఎండను పట్టి పైకి పంపుతుంది. ఆసుపత్రికి తిరిగివచ్చి నెత్తురు చుక్క పలక మీద పరిచి చూస్తే, గడ్డకట్టించే సన్నటి పలుకులు, అదే ప్లేట్‌లెట్లు, బాగా తక్కువగా ఉన్నాయి. అది సరే. జీవి మాత్రం కనపడలేదు. అది తెల్లకణాల్లో ఎక్కడో ఒకదానిలోనే ఉంటుంది. ఎర్రకణాల గుంపులో ఆ తెల్లకణాలే అరుదు.

తెల్లకణాలన్నీ ఒకచోట చేరాలంటే నెత్తురును గిరగిరా తిప్పాలి. తిప్పితే బరువైన ఎరుపు అడుగుకు పోతుంది, పలచని నీరు పైకి తేలుతుంది, రెండింటి మధ్య మీగడలాంటి సన్నటి పొర మిగులుతుంది. తెల్లకణాలన్నీ అందులో ఉంటాయి. తిప్పే యంత్రం మాకు లేదు. మీగడ అనుకోగానే నాకు పక్కవీధిలోని పాలకేంద్రం గుర్తొచ్చింది. పాలలో వెన్న చూడడానికి పూర్వం చేత్తో తిప్పే యంత్రం వాడేవాళ్ళు. కరెంటుది వచ్చాక పాతది అటకెక్కింది.

పాలకేంద్రం నడిపేవాడు నా మాట విని చేతులు జోడించాడు. "నెత్తురా మేడమ్! ఎవరన్నా చూస్తే రేపట్నించి నాకు పాలెవరు పోస్తారు?"

"నీ కేంద్రంలో తిప్పను. మా ఆసుపత్రికి తీసుకుపోతాను."

"మళ్ళీ తెచ్చి ఇస్తారా?"

"నెత్తురు తిప్పాక నీకు ఎందుకయ్యా?"

ఆలోచించి, "నిజమే," అని అటకెక్కాడు.

పాలగొట్టాల కోసం చేసిన తొర్రల్లో మా నెత్తురు గొట్టాలు వదులుగా ఆడాయి. రైతు ఇంటికి మనిషిని పంపి పత్తి తెప్పించాం. ఆ ఆఖరి తీత పత్తినే గొట్టాల చుట్టూ కూరాం. కాంపౌండరు పిడి తిప్పాడు. "గేదె పాలైతే ఈపాటికి వెన్న వచ్చేది మేడమ్," అంటూ చెమటలు కక్కుతూ తిప్పాడు. ఆపి చూస్తే గొట్టంలో ఎరుపుకూ పసుపుకూ మధ్య, గోటి అంచు అంత తెల్లటి గీత ఉంది.

ఆ గీతను ముంచి తీసి పలక మీద పరిచి, రంగు వేసి, కడిగి, ఆరబెట్టి, వరండాలో కూర్చున్నాను. మధ్యాహ్నం దాటింది. ఎండ ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి జరుగుతోంది, దానితో పాటు నేనూ కుర్చీ జరుపుకుంటున్నాను. మబ్బు వచ్చినప్పుడల్లా అద్దంలో చీకటి. ఒక కణం, ఇంకో కణం, ఇంకోటి. దేనిలోనూ లేదు. రైతు గేటు దగ్గర బీడీ మీద బీడీ కాలుస్తున్నాడు. పెద్దాయన కుక్క తల ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తున్నాడు.

అప్పుడు కనపడింది.

పెద్ద తెల్లకణం. దాని గర్భంలో చిక్కుడుగింజలాంటి కేంద్రకం. ఆ గింజ పక్కన, ఖాళీగా ఉండాల్సినచోట, ముదురు ఊదారంగు గుత్తి ఒకటి, చిన్న జొన్నకంకిని పైనుంచి చూసినట్టు. గింజ గింజా విడివిడిగా తెలుస్తోంది.

పుస్తకంలో ఆ బొమ్మను ఎన్నోసార్లు చూశాను. బొమ్మలో లేనిది ఇక్కడ ఉంది. ఈ తెల్లకణం పనేమిటి? ఒంట్లోకి చొరబడిన ప్రతి జీవినీ పట్టి మింగడం. మింగింది కూడా. మింగిన జీవి లోపల చావలేదు, ఇల్లు కట్టుకుంది, పిల్లల్ని పెట్టింది. కల్లానికి కాపలా కుక్క, కుక్కకు కాపలా ఈ కణం, ఆ కణం లోపల దొంగ హాయిగా కూర్చున్నాడు. అద్దంలో ఎండ కదలకూడదని నేను ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను. నా ఉద్యోగమంతా కలిపి దేవుడి గదిలో కూర్చున్నట్టు అనిపించిన క్షణం ఏదైనా ఉందంటే అదే.

కాంపౌండరుకు చూపించాను. ఆ ఒక్కసారికి హాస్యం ఆడలేదు. రైతు వచ్చి ఒక కన్ను మూసి చూశాడు. "ఇదా? ఇంతేనా?" అన్నాడు.

పెద్దాయన చాలాసేపు చూశాడు. "ఇది దీంట్లోదేనా అమ్మా?" అని కుక్కను చూపించాడు. తలూపాను. "ఎంతుంటదమ్మా?"

నాకు లెక్కలంటే ఇష్టం. వేళ్ళ మీద లెక్క వేసి, ఆయన చొక్కాకు అంటిన మిరపగింజ ఒకటి తీసి చూపించి, చెవి దగ్గర అరిచాను. "ఈ గింజకి అడ్డంగా ఆ ఊదా గుత్తుల్ని వరసపెడితే దాదాపు వెయ్యి పడతాయి!"

ఆయన గింజను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "వెయ్యి," అన్నాడు, ఎవరితోనూ కాదు.

జబ్బేమిటో తేలింది కాబట్టి మందు దొరికింది. మనుషుల మందులషాపులో దొరికే మాత్రలే, నెలరోజుల పాటు అన్నంలో పెట్టి వెయ్యాలి. బతుకుతుందా అని రైతు అడిగితే, "తెలియదు, ఆలస్యమైంది," అని ఉన్నమాట చెప్పాను. ఆయన ఒకసారి మబ్బు వైపూ, ఒకసారి పెద్దాయన వైపూ చూశాడు. "సరే కానీండమ్మా. ఆడోళ్ళకి మీరే చెప్పాలి," అన్నాడు.

మళ్ళీ కల్లానికి వెళ్ళి చెప్పాను. కాయలు ఏరేవాళ్ళలో పెద్దామె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "పిచ్చి కాదంటే నమ్ముతాం. మరి మాకంటుకోదా?"

"కుక్క నుంచి కుక్కకి పిడుదు మోస్తుంది. కుక్కని తాకితే మీకు అంటదు. పిడుదుల్ని చేత్తో నలపకండి, చాలు."

"పిడుదులు పోయినయ్యన్నాడుగా ఈయన?"

మంచి ప్రశ్న. పాక మట్టిగోడ బీటలో నా తలపిన్ను పెట్టి గీశాను. చర్మాన్ని గీకే అలవాటే, గోడకు పనికొచ్చింది. బీటలోంచి పిడుదులు రాలాయి. ఉబ్బినవి, ఎండినట్టున్నవి, ఇసుకరేణువుల్లాంటి పిల్లలు, గోధుమరంగు గుడ్ల ముద్ద. మందు కుక్క మీద పడింది, కాపురం గోడలో ఉంది. తిండి లేకుండా నెలల తరబడి ఆ చీకట్లో అవి ఎదురుచూడగలవు. కుక్క ఊపిరి వేడి తగిలితే కదులుతాయి. ఆ పెద్దామె వెనక్కి ఒక అడుగు వేసి, "అమ్మో, ఎంత ఓపికో!" అన్నది. నాకూ సరిగ్గా అదే అనిపించింది. ఆ సాయంత్రమే బీటలు పూడ్చి, గోడ అలికించారు.

వచ్చేముందు పెద్దాయనకు ఒక పని అప్పజెప్పాను. కాయల మీద పడుకుంటే నెత్తురు ఆగిందో లేదో ఎవరికీ తెలియదు. కుక్క కింద తెల్లగుడ్డ వెయ్యాలి, పొద్దున్నే దాన్ని నాకు చూపించాలి. ఆయన తన పాత పంచె చింపాడు.

రోజూ మొదటి బస్సుకు వచ్చేవాడు. గేదెల వాళ్ళ మధ్య వరుసలో నిలబడి, మడత విప్పి చూపించేవాడు. మొదట అరచేయంత మరకలు. తర్వాత రూపాయి బిళ్ళంత. చిన్నవైనాయి అనుకుంటుండగా ఒకరోజు మళ్ళీ పెద్ద మరక వచ్చింది. ఆ రోజు ఆయన కిందికే చూస్తూ నిలబడ్డాడు. మాత్ర ఆపొద్దని సైగ చేశాను. ఆ తర్వాత గోధుమరంగు చుక్కలు. ఆ తర్వాత ఒకటో రెండో.

మూడో కోత మొదలైన రోజుల్లో ఒక పొద్దున ఆయన వచ్చి గుడ్డ విప్పాడు. తెల్లగా ఉంది. తిప్పి చూశాను. వరండాలో ఎండకు పట్టి చూశాను. నియమం నియమమే కాబట్టి భూతద్దం తెచ్చి అంచులు కూడా చూశాను. దుమ్ము, ఒక మిరపగింజ, నాలుగు ఎర్రవెంట్రుకలు.

"ఏమీ లేదు," అన్నాను.

"ఆఁ?" అన్నాడు, చెవి దగ్గర చెయ్యి పెట్టి.

"ఏమీ లేదు!"

"ఆఁ?"

"ఏమీ లేదయ్యా! నెత్తురు ఆగింది!" అని అరిచాను. వరుసలో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు, ఒక గేదె కట్టుతాడు లాగింది.

ఆయన గుడ్డను జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకున్నాడు. బోసినోరు విప్పి నవ్వాడు.

"మొదటిసారే తెలిసిందమ్మా, మీ మొహం చూస్తే," అన్నాడు. "ఇంకోసారి అంటారేమోనని."